చేతి ప్రెస్‌తో బర్గర్ ప్యాటీలు: కీమా నుంచి పెనం దాకా

బర్గర్ ప్రెస్ కొన్నవారిలో చాలామంది దాన్ని రెండు మూడుసార్లు వాడి అటకెక్కిస్తారు. ప్యాటీ, అంటే బన్ను నడుమ పెట్టే బిళ్ల, గట్టిగా సాగుతోందని, ప్రెస్‌లో వేసిన కాగితం వదలడం లేదని, పెనం మీద నడుమ ఉబ్బి అంచులు పగులుతున్నాయని వారి ఫిర్యాదు. నిజానికి ఈ పరికరం చేసే పని చాలా చిన్నది. కీమా ముద్దను ఒకే మందంలో, ఒకే వెడల్పులో పరుస్తుంది, అంతే. దానితో మాంసాన్ని బిగించాలని చూసినప్పుడే పై చిక్కులు చాలావరకు మొదలవుతాయి. అందుకే ఇక్కడ చెప్పబోయే వాటిలో ఎక్కువ భాగం పిడి మీద చెయ్యి వేయకముందు చేయాల్సినవి. నొక్కడం రెండు సెకన్ల పని.

చేత్తో తట్టిన ప్యాటీ రుచికేమీ తక్కువ కాదు. అయితే దాని అంచు పలచగా, నడుమ మందంగా వస్తుంది. అంచు మాడే సమయానికి నడుమ ఇంకా పచ్చిగా ఉంటుంది. కీమా విషయంలో ఈ పచ్చితనం ప్రమాదకరం. మాంసం ముక్కకు పైపైన ఉండే బ్యాక్టీరియా, దాన్ని కీమాగా ఆడించినప్పుడు లోపలంతా కలిసిపోతుంది. స్టేక్‌ను, అంటే మందంగా కోసిన మాంసం ముక్కను, లోపల ఎర్రగా ఉంచుకుని తినే అమెరికాలో కూడా హాంబర్గర్‌ను నడుమ దాకా ఉడికించాలని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. బీఫ్, మటన్ కీమాకు 71 డిగ్రీల సెల్సియస్, కోడి, టర్కీ కీమాకు 74 డిగ్రీలు. మందం అంతటా ఒకేలా ఉంటే మాంసం ఎండిపోకుండా ఆ వేడిని అందుకోవడం సులువు. ప్రెస్ కొనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే. గుండ్రంగా, అందంగా రావడం ఆ తర్వాతి మాట.

ఏ రకం ప్రెస్

చేతి ప్రెస్‌లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది గిన్నె రకం. అంచున్న గుండ్రటి అడుగు, అందులోకి సరిగ్గా దిగే పలక, పలకకు పిడి. అమెరికా వంటిళ్లలో పోత అల్యూమినియంతో చేసిన ఈ రకం బాగా కనిపిస్తుంది. లోపలి వెడల్పు చాలావాటికి 11.5 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇందులో వెడల్పు మారదు, మీరు వేసే బరువును బట్టి మందం మారుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు దీన్నే తీసుకోండి.

రెండోది కీలు రకం. రెండు పలకలు, ఒక పక్క కీలు, ఎదురు పక్క పిడి. మన పూరీ ప్రెస్ ఈ కోవలోదే కాబట్టి ఇంట్లో అది ఉంటే ప్రయోగానికి కొత్తది కొనక్కర్లేదు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. పూర్తిగా మూస్తే పూరీ మందమే మిగులుతుంది, కనుక పిడిని సగంలోనే ఆపాలి. సగంలో ఆపితే పై పలక ఏటవాలుగా నిలుస్తుంది, దాంతో కీలు వైపు పలచగా, పిడి వైపు మందంగా వస్తుంది. ఒకసారి తేలిగ్గా నొక్కి, కాగితంతో సహా ప్యాటీని అర చుట్టు తిప్పి, మళ్లీ అంతే తేలిగ్గా నొక్కితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

చీజ్ కూరి మూసే ప్రత్యేకమైన ప్రెస్‌లు, ఒకేసారి అరడజను ప్యాటీలు చేసే ప్లాస్టిక్ అచ్చులు కూడా అమ్ముతారు. మొదటి ప్రెస్‌తో చెయ్యి తిరిగాక వాటి సంగతి ఆలోచించవచ్చు. పెనం మీద బంతిని అణిచే బరువైన ఇనుప బిళ్ల మాత్రం వేరే పరికరం. దాని గురించి వంట దగ్గర చెబుతాను.

కీమా

అమెరికా దుకాణాల్లో బీఫ్ కీమా ప్యాకెట్ల మీద 80/20, 90/10 అని అంకెలుంటాయి. మొదటిది మాంసం శాతం, రెండోది కొవ్వు శాతం. బర్గర్‌కు 80/20 తీసుకోండి. పశువు భుజం దగ్గరి చక్ అనే భాగంలో ఇంచుమించు ఈ పాళ్లే సహజంగా ఉంటాయి కాబట్టి అక్కడ బర్గర్‌కు దాన్ని ఎక్కువగా ఎంచుకుంటారు. 90/10 ఆరోగ్యకరమని అనిపించవచ్చు. కానీ 71 డిగ్రీల దాకా ఉడికాక అందులో తడి మిగలదు. కొవ్వు తగ్గించుకోవాలంటే ప్యాటీ చిన్నది చేసుకోవడం మేలు.

బీఫ్ తిననివారికి దారి మూసుకుపోలేదు. తెలుగు రాష్ట్రాల్లో మటన్ అంటే ఎక్కువగా మేక, గొర్రె మాంసం. మేకలో కొవ్వు బాగా తక్కువ. కిలో మాంసానికి 150 నుంచి 200 గ్రాముల కొవ్వు కలిపి ఆడించమని కొట్టులో అడగండి. అలాగే పెద్ద రంధ్రాల బిళ్ల పెట్టి ఒక్కసారే తిప్పమనండి. కైమా ఉండల కోసం రెండు మూడుసార్లు మెత్తగా ఆడించిన కీమా ప్రెస్‌లో ముద్దకట్టి, ఉడికాక గట్టిగా సాగుతుంది. కోడి అయితే ఒట్టి రొమ్ము మాంసం వద్దు. తొడ మాంసానికి కాస్త చర్మం చేర్చి ఆడిస్తే తడి నిలుస్తుంది.

ఇక్కడ మన ఇళ్ల అలవాటు ఒకటి అడ్డొస్తుంది. ఏ మాంసమైనా ఇంటికి రాగానే రెండు మూడు నీళ్లు పోసి కడుగుతాం. కూరకైతే ఇబ్బంది లేదు, ఆ నీరు ఎలాగూ ఇగిరిపోతుంది. కడిగిన కీమాతో మాత్రం ప్యాటీ నిలబడదు. ఎంత పిండినా లోపల నీరుంటుంది, ప్రెస్ తీయగానే అంచులు జారిపోతాయి, పెనం మీద వేగకుండా ఉడుకుతుంది. కడగందే మనసొప్పదంటే ముక్కలుగా తెచ్చుకోండి. వాటిని కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి పూర్తిగా అద్ది, ఆ తర్వాత ఇంట్లోనే కీమా చేసుకోండి. కడిగిన సింకును, చుట్టుపక్కల గట్టును సబ్బుతో తుడవడం మరవకండి.

కీమా యంత్రం లేకపోతే మిక్సీ చాలు. ముక్కలను రెండు సెంటీమీటర్ల సైజుకు కోసి, పళ్లెంలో విడివిడిగా పరిచి, అరగంట ఫ్రీజర్లో పెట్టండి. అంచులు గట్టిపడి నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తీసి, జార్‌లో గుప్పెడు చొప్పున వేసి, ఆపి ఆపి తిప్పండి. ఒక్కో వాయికి ఏడెనిమిది తిప్పులు చాలు. జార్ వేడెక్కితే కొవ్వు కరిగి మాంసానికి పూతలా పట్టేస్తుంది. ఆ తర్వాత దాన్ని ఎంత చల్లబరిచినా మొదటి గుణం రాదు.

చల్లదనం గురించి ఎంత చెప్పినా తక్కువే. కీమా ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి. ప్రెస్‌ను కూడా, లోహంతో చేసినదైతే, పావుగంట ఫ్రీజర్లో ఉంచండి. కొవ్వు గట్టిగా ఉంటే ముద్ద కాగితానికి అంటుకోదు, అచ్చు దిగినట్టు ఊడి వస్తుంది. ఇందులో ఆరోగ్యం సంగతి కూడా ఉంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. పచ్చి మాంసాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. విజయవాడలో మే నెలలోనైనా, డాలస్‌లో జూలైలో పెరటి గ్రిల్లు దగ్గరైనా లెక్క గంట కిందే వేసుకోండి.

ఉప్పు, మసాలా

కీమాలో ముందే ఉప్పు కలపకండి. ఉప్పు మాంసంలోని ప్రొటీన్లను కరిగిస్తుంది. అవి జిగురుగా మారి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సాసేజ్‌కు కావలసింది ఆ పట్టే, అందుకే సాసేజ్ చేసేవారు ఉప్పు వేసి మరీ పిసుకుతారు. బర్గర్ కొరికితే విడిపోవాలి. అందుకని ఉప్పు, మిరియాల పొడి పెనం మీద వేసే ముందు క్షణంలో రెండు వైపులా పైపైన చల్లాలి. కాస్త ధారాళంగానే చల్లండి, లోపల ఉప్పు లేదు కదా.

మరి అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కొత్తిమీర? అవన్నీ చేరి, గుడ్డు, బ్రెడ్ పొడి కూడా పడితే అది కబాబో కట్‌లెట్టో అవుతుంది. రుచిగానే ఉంటుంది, ప్రెస్‌లో కూడా చక్కగా వస్తుంది. బీఫ్‌కు మాత్రం అమెరికా పద్ధతిలో మాంసం, ఉప్పు, మిరియాలు చాలు. దానికి మసాలా కూరడం నాకు నచ్చదు. కోడికి, మేకకు కొద్దిగా సాయం కావాలి. అరకిలోకు ఒక చెంచా అల్లం వెల్లుల్లి, సన్నగా తరిగి నీరు పిండేసిన ఒక చిన్న ఉల్లిపాయ సరిపోతాయి. ఉల్లి నీరు పిండకపోతే కీమా కడిగిన కథే మళ్లీ మొదలు. వేళ్లు విప్పి, పైకీ కిందకీ ఒకటి రెండుసార్లు తిప్పి వదిలేయండి, పిసకకండి.

బరువు, వెడల్పు

ముందు బన్ను కొలవండి. ఉడికేటప్పుడు ప్యాటీ కుదించుకుపోతుంది కాబట్టి పచ్చిది బన్ను కంటే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు వెడల్పుగా ఉండాలి. 11.5 సెంటీమీటర్ల గిన్నె ప్రెస్ 10 సెంటీమీటర్ల బన్నుకు సరిపోతుంది. అందులో 150 గ్రాములు వేస్తే దాదాపు 1.4 సెంటీమీటర్ల మందం వస్తుంది. అమెరికన్లు క్వార్టర్ పౌండర్ అనే 113 గ్రాములు వేస్తే సెంటీమీటరు పైచిలుకు వస్తుంది. నా ఓటు మొదటిదానికి, నడుమ తడి నిలవాలంటే ఆ మాత్రం మందం ఉండాలి. మన బేకరీ బన్నులు చాలాచోట్ల ఇంతకంటే చిన్నవి. వాటికి కీలు రకం ప్రెస్ వాడి, 80, 90 గ్రాముల ముద్దను కావలసిన వెడల్పు రాగానే ఆపడం తేలిక.

కంటి అంచనా వద్దు, కాటా వాడండి. పెనం మీద నాలుగు ప్యాటీలు ఒకేసారి ఉడకాలంటే నాలుగూ ఒకే బరువుండాలి. తూచిన కీమాను రెండు చేతుల మధ్య తేలిగ్గా దొర్లించి, విడిపోకుండా నిలిచే బంతి రాగానే ఆపండి. సున్నుండ చుట్టినట్టు బిగించవద్దు. చేతులు చల్లటి నీళ్లలో తడిపి దులుపుకుంటే అంటుకోదు.

నొక్కడం

కాగితం తప్పనిసరి. నాన్‌స్టిక్ పూత ఉన్న ప్రెస్‌కైనా బటర్ పేపర్ వేయండి. అంగుళం అటూ ఇటూ ఎక్కువుండేలా చదరపు ముక్కలు కోసుకుంటే మూలలు బయటికి వచ్చి, ప్యాటీని ఎత్తడానికి పట్టులా పనికొస్తాయి. గుండ్రంగా కోసినవి చూడ్డానికి బాగుంటాయి కానీ గిన్నెలోంచి తీయడానికి గోళ్లు వాడాల్సి వస్తుంది. మైనపు కాగితమూ పనికొస్తుంది, దాన్ని వేడి పెనం దగ్గరికి రానీయకండి.

అడుగున ఒక కాగితం, నడిమధ్య బంతి, పైన ఇంకో కాగితం. పిడిని నిటారుగా దించండి. బంతి విచ్చుకోవడం చేతికి తెలుస్తుంది, అది అంచును తాకగానే పట్టు మారుతుంది. అక్కడ ఆగాలి. ఆ తర్వాత నొక్కే ప్రతి నొక్కూ కీమా పోగుల మధ్య ఉన్న ఖాళీలను మూసేస్తుంది. కొవ్వు కరిగి నిలవాల్సింది ఆ ఖాళీల్లోనే. అంచు చుట్టూ చిన్న చిన్న పగుళ్లు కనిపిస్తే కంగారు పడకండి, వేలితో లోపలికి సర్దితే చాలు. పెద్ద చీలిక వచ్చిందంటే బంతి నడుమ పడలేదు, లేదా కీమా మరీ గడ్డకట్టి ఉంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ బంతి చేయండి. ఒకే ముద్దను మూడోసారి నొక్కాల్సి వస్తే దాన్ని పక్కన పెట్టి కూరలోకి వాడుకోండి.

పిడిని తిన్నగా పైకి లాగితే కొన్నిసార్లు పై కాగితంతో పాటు ప్యాటీ కూడా లేస్తుంది. కొద్దిగా మెలితిప్పి లాగితే లోపలికి గాలి చొరబడి వదిలేస్తుంది.

ఇప్పుడు బొటనవేలితో ప్యాటీ నడుమ రూపాయి బిళ్లకంటే కాస్త వెడల్పుగా, అర సెంటీమీటరు కంటే తక్కువ లోతుగా ఒక గుంట చేయండి. ఉడికేటప్పుడు అంచులు ముందు బిగుసుకుని లోపలికి లాగుతాయి, ఆ ఒత్తిడికి నడుమ ఉబ్బుతుంది. గుంట ఉంటే ఆ ఉబ్బు దాన్ని నింపి పైభాగం సమంగా నిలుస్తుంది. కొన్ని ప్రెస్‌లలో అడుగు పలకకే ఇందుకోసం బొడిపె ఉంటుంది. పైన గీతలు వచ్చేలా చేసిన పలకలున్న ప్రెస్‌లు కూడా ఉన్నాయి, ఆ గీతల వల్ల రుచిలో తేడా ఏమీ ఉండదు. 1921లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో మొదలైన వైట్ క్యాజిల్ సంస్థ దారే వేరు. వారి చదరపు ప్యాటీలకు ఐదు చిల్లులుంటాయి. ఉల్లిపాయల మీద పరిచి ఆవిరితో ఉడికిస్తారు కాబట్టి తిరగవేయాల్సిన పనే లేదు. ఇంటి ప్యాటీ మందానికి చిల్లులకంటే గుంటే నయం.

చేసిన ప్యాటీలను కాగితాలతోనే పళ్లెంలో పరిచి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. కోడి ప్యాటీలకు ఇది మరీ అవసరం, అవి మెత్తనివి.

ఒకే విందులో శాకాహారులు కూడా ఉంటే ముందు వాళ్లవి చేసేయండి. అమెరికాలో అక్కడి స్వాతంత్ర్య దినమైన జూలై 4న పెరట్లో గ్రిల్లు వెలిగించే తెలుగు ఇళ్లలో ఈ అవసరం తరచూ వస్తుంది. బంగాళాదుంప, బఠాణీ ముద్దను ప్రెస్‌లో వేసి, అవన్నీ పక్కకు తీశాకే మాంసం ముట్టుకోవాలి. కూరగాయల ప్యాటీకి నియమం పూర్తిగా తిరగబడుతుంది. దుంపలు ఉడికించి పూర్తిగా చల్లార్చాలి, తడి పీల్చడానికి అటుకుల పొడో బ్రెడ్ పొడో కలపాలి, ఉప్పు ముందే వేయాలి, ప్రెస్‌ను గట్టిగా నొక్కాలి. బిగించకపోతే విరిగిపోయేది ఇదొక్కటే.

పెనం మీద

పోత ఇనుప పెనం ఉంటే అంతకన్నా మంచిది లేదు. సన్నటి పొగ వచ్చేదాకా కాచి, ఉప్పు, మిరియాలు చల్లిన వైపు కిందికి వచ్చేలా ప్యాటీని వేసి, పైవైపు కూడా చల్లండి. 1.4 సెంటీమీటర్ల మందానికి ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మొదటి రెండు నిమిషాలు కదపకండి. పచ్చిగా అంటుకున్నది వేగాక తనంతట తానే వదులుతుంది.

అట్లకాడతో ప్యాటీని నొక్కే అలవాటు చాలామందికి ఉంది. చుయ్యిమని చప్పుడు వస్తుంది, పని జరుగుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు చేసేది మీ ప్యాటీలోంచి కారిపోయే రసం. మరి స్మాష్ బర్గర్ చేసేవారు నొక్కుతారు కదా అంటే, వారు చల్లటి బంతిని కాలే పెనం మీద వేసి మొదటి అరనిమిషంలోనే అణిచేస్తారు. అప్పటికి కొవ్వు కరగదు, కారడానికి ఏమీ ఉండదు. వారి బరువైన ఇనుప బిళ్ల అందుకే. ప్రెస్‌లో ఆకారం ఇచ్చిన ప్యాటీకి మళ్లీ ఆ అణచడం అక్కర్లేదు.

ఉడికిందో లేదో రంగు చూసి తేల్చకండి. కొన్నిసార్లు ఉడకకముందే గోధుమరంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఉడికాక కూడా గులాబీ ఛాయ పోదు. థర్మామీటర్ ముల్లును పక్కనుంచి నడుమ దాకా గుచ్చి చూడండి, పైనుంచి గుచ్చితే పలచటి ప్యాటీలో కొలత తప్పుతుంది. చీజ్ వేసేదుంటే చివరి నిమిషంలో. దించాక రెండు మూడు నిమిషాలు ఆగి బన్నులో పెట్టండి.

కడగడం, దాచడం

ప్రెస్‌ను వెంటనే విడదీసి వేడి సబ్బు నీళ్లలో కడగాలి. కొవ్వు ఆరిపోతే పిడి మరలో, గీతల్లో ఇరుక్కుంటుంది, అక్కడ పాత టూత్‌బ్రష్ ఒక్కటే దిక్కు. పూత లేని అల్యూమినియం ప్రెస్‌ను డిష్‌వాషర్లో వేయకండి, అందులో వాడే పొడిలోని క్షారానికి నల్లబడి చేతికి మసి అంటుతుంది. నాన్‌స్టిక్ పూతకు ఇనుప పీచు తగలనీయవద్దు. చెక్క పిడి ఉంటే నానబెట్టకుండా కడిగి, తుడిచి, విడిగా ఆరబెట్టండి.

పచ్చి ప్యాటీలు ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదు. ఎక్కువ చేసుకుంటే కాగితం తీయకుండా పళ్లెంలో ఒక్క వరుసగా పరిచి ఫ్రీజర్లో గట్టిపడనిచ్చి, ఆ తర్వాతే దొంతరగా పేర్చి, గాలి తీసిన కవరులో వేసి తేదీ రాయండి. మెత్తగా ఉన్నప్పుడే పేరిస్తే కింది వాటి మందం పోతుంది. నాలుగు నెలల్లోపు వాడేస్తే రుచి తగ్గదు. వండేటప్పుడు కరగబెట్టాల్సిన పని లేదు. కాగితాలు ఒలిచి, గడ్డకట్టినవాటినే మధ్యస్థమైన మంట మీద వేసి, మామూలు సమయానికి సగం అదనంగా లెక్కేసుకోండి. ఉప్పు మాత్రం మొదటిసారి తిరగవేశాక చల్లండి, గడ్డకట్టిన ప్యాటీ మీద అది నిలవదు.